నాలుగు ట్రాకుల ధింసా

పత్రికలో ఉద్యోగం ముగిశాక నేను అరకులో ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాను. విశాఖలో ఉన్నన్నాళ్లూ జిల్లా డెస్కులో కూర్చుని, ఇతరులు రాసిన వార్తల్లో అక్కర్లేని మాటలు కొట్టేయడమే నా పని. ఏం చేస్తుంటారని ఎవరైనా అడిగితే రాస్తుంటానని చెప్పేవాణ్ణి గానీ, నిజానికి నేను చేసింది కొట్టివేతే. ఉద్యోగం పోయినా ఆ అలవాటు పోదు. పెళ్లి శుభలేఖ చేతికొస్తే బంధువుల పేర్లు సగం తగ్గించవచ్చు కదా అనిపిస్తుంది. పురోహితుడు మంత్రాలు చదువుతుంటే, ఇది ఇందాక చెప్పాడు కదా అనుకుంటాను.

కొట్టేయడానికి వార్తలు లేక, వీడియో ఎడిటింగ్ నేర్చుకున్నాను. ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ వేయించుకుని, ఎవరెవరో నెట్‌లో పెట్టిన పాఠాలు చూస్తూ కూర్చున్నాను. మొదట లోయలో కురిసే మంచు మీద వీడియోలు చేశాను. మంచు వీడియోలో మంచు తప్ప ఏమీ కనిపించదు కాబట్టి ఎక్కడ కత్తిరించినా తేడా తెలియదు. చూసినవాళ్లు బాగుందన్నారు. దాంతో నాకు ఈ విద్య వచ్చేసిందని నమ్మకం కుదిరింది. అది చాలదన్నట్టు, ఇంటి ఓనరు సంతలో నలుగురికీ చెప్పాడు.

ఆ సంతలో శుక్రవారం శుక్రవారం నాకు అల్లం, చిక్కుళ్లు అమ్మే ఆవిడ ఒక ఉదయం మా ఇంటికి వచ్చింది. వాళ్ల ఊరు లోయకు అవతల, కాఫీ తోటల కింద ఉంటుంది. ఆ ఊరి ధింసా బృందానికి ఆవిడే నాయకురాలు. ఆడవాళ్లు వెనక నుంచి ఒకరి నడుము ఒకరు పట్టుకుని, గొలుసులా సాగుతూ, మెలికలు తిరుగుతూ అడుగు వేస్తారు. మగవాళ్లు పక్కన నిలబడి వాయిస్తారు. ఆవిడ భర్త తుడుము కొడతాడు. అది కుండలాంటి పొట్ట ఉన్న డోలు, రెండు పుల్లలతో కొడతారు. ఆవిడ అన్న మోరి ఊదుతాడు. మోరి మన సన్నాయికి కొండల్లో ఉండిపోయిన చుట్టం. ఇక ఆవిడ సంగతి: మనిషి పొట్టి, గొంతు మాత్రం లోయకు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు సరిపోతుంది.

"బాబూ, నువ్వు కంపూటర్లో బొమ్మలు అతికిత్తావంట కదా," అంది గుమ్మంలో కూర్చుంటూ. కొండ మీద ఎవరినైనా నువ్వనే అంటారు, కలెక్టరునైనా.

"అతికిస్తాను."

"సౌండు కూడా అతికిత్తావా?"

"అదీ అతికిస్తాను."

అప్పుడు విషయం చెప్పింది. రోడ్డు పక్కనున్న రిసార్టు వాళ్లు మునుపు బృందం మొత్తాన్ని పిలిచేవారు. కొత్తగా వచ్చిన మేనేజరు ఎక్కడిదో ఒక ధింసా పాట స్పీకర్లో పెట్టి, ఆడవాళ్లు వస్తే చాలంటున్నాడు. వాయించేవాళ్లు ఇంటి దగ్గరే ఉండిపోయారు.

"మా మావ పొద్దస్తమానూ ఇంటికాడే ఉంతన్నాడు బాబూ. నా వల్ల కావట్నేదు. తుడుము అటక మీద గుమ్మడికాయల పక్కన ఉంది. మా అన్న మోరి తీసి ఊదితే మేకలు కూడా తలెత్తి సూడ్డం మానీసినాయి."

విశాఖలో ఒక కళా ఉత్సవం జరగబోతోంది. దానికి వాయించేవాళ్లతో సహా మొత్తం బృందం రావాలి. ముందుగా చిన్న వీడియో పంపితే, నచ్చితే పిలుస్తారు. కిందటేడు వీళ్లు పంపిన వీడియోను ధ్వని స్పష్టంగా లేదని తిరగ్గొట్టారు. ఆవిడ ఫోనులో ఆ వీడియో చూపించింది. గాలి బాగా వినిపించింది. గాలి వెనక ఎక్కడో ఎవరో పెళ్లి చేసుకుంటున్నట్టుంది.

"ఈపాలి కూడా తిప్పీసినారంటే మా అన్న మైదానంలో ఇటికల బట్టీకి ఎల్లిపోతానంతన్నాడు. మోరి ఊదినోడు ఎల్లిపోతే మా మావ ఒక్కడూ ఏటి కొడతాడు? ఆలిద్దరూ నేకపోతే నాను ఎవులి మీద అరవాల?"

ఆ చివరి ప్రశ్నే ఆవిడకు అసలు బాధ అని అప్పుడు నాకు అర్థం కాలేదు.

నేను చూసిన పాఠాలన్నీ ఒకే మాట చెప్పాయి. మిక్సింగ్ బాగా రావాలంటే ఒక్కో వాద్యాన్నీ విడిగా, ప్రశాంతంగా ఉన్న చోట రికార్డు చేసుకోవాలి. సాఫ్ట్‌వేర్ తెర కింది భాగంలో పొడవాటి పట్టీలు ఉంటాయి, వాటిని ట్రాకులంటారు. తుడుము ఒక ట్రాకు, మోరి ఒక ట్రాకు. ప్రతి దాని పక్కనా ధ్వనిని పెంచే, తగ్గించే మీట, పూర్తిగా మూసేసే బొత్తాం. అన్నీ తగిన పాళ్లలో కలిపితే వంట అయిపోయినట్టే.

మర్నాడు పొద్దున్నే వాళ్ల ఊరు వెళ్లాను. కాఫీ పళ్లు కోసే రోజులు కావడంతో ఊళ్లో జనం పెద్దగా లేరు. ఆవిడ ఆటగత్తెలను పోగేయడానికి పక్క వీధికి వెళ్లింది. అన్న ఇంకా రాలేదు. భర్త మంట దగ్గర కూర్చుని తుడుము తోలు కాస్తున్నాడు. మంచుకు తోలు మెత్తబడితే పలకదట. ఎవరూ లేరు, గాలి లేదు, కుక్కలు కూడా నిద్రలో ఉన్నాయి. ఇంత ప్రశాంతత మళ్లీ దొరకదనిపించింది.

"ముందు తుడుము ఒక్కటీ తీసుకుందాం. కొట్టండి," అన్నాను.

ఆయన పుల్లలు పట్టుకుని నా వైపు చూశాడు. "ఒక్కటే కొట్టకూడదు బాబూ."

"ఎందుకు?"

"మోరి ఉండాల, ఆడే గుంటల అడుగులుండాల. ఒక్క తుడుమే మోగితే వేరే లెక్క."

"ఇది నిజంగా వాయించడం కాదు కదా. రికార్డింగ్."

ఆయన ఆ మాటను కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "అవునే మరి, రికాడింగే కదా," అని నెమ్మదిగా ఒప్పుకున్నాడు. రికార్డింగ్ అయితే లెక్కలోకి రాదని నేనూ నమ్మాను, ఆయనా నమ్మాడు. ఆ సంగతి కొండకు కూడా తెలిసి ఉంటుందని ఇద్దరం అనుకున్నాం.

కొట్టాడు. ఏం కొట్టాడు! చాలా రోజుల తర్వాత అటక దిగిన తుడుము. ఎదుటి కొండకు తగిలి తిరిగొస్తోంది. నేను రికార్డరు పట్టుకుని, ధ్వని గీత ఎంత అందంగా లేస్తోందో చూస్తూ నిలబడ్డాను. అందువల్ల పైనుంచి జనం దిగుతుండటం చూడలేదు.

ముందు కాఫీ కోసేవాళ్లు వచ్చారు, నడుముకు బుట్టలు అలాగే ఉన్నాయి. వాళ్ల వెనక గొడ్డలితో ఒకడు. ఒక బుగ్గ గీసుకుని రెండో బుగ్గ మీద నురగతో మరొకడు. తలకు సగం నూనె రాసుకున్న ఆడమనిషి. ఆదివారం కానప్పటికీ బైబిలు చంకలో పెట్టుకుని ఒక పెద్దాయన. అందరూ పరుగు మీద వచ్చి, మా ముందు ఆగి, ఊపిరి తీసుకుని ఒకటే మాట అడిగారు.

"ఎవులు?"

ఆ ఊళ్లో తుడుము ఒక్కటే మోగిందంటే ఎవరో పోయారని అర్థం. లేదంటే ఇల్లు అంటుకుంది. ఏదయినా సరే, చేతిలో పని వదిలేసి రావలసిందే.

"ఎవులూ నేరు," అన్నాడు ఆయన పుల్లలు వెనక దాచుకుంటూ. "రికాడింగు."

"రికాడింగా? ఏ ఊరోడు?" అన్నాడు సగం గడ్డం మనిషి.

ఆ ఊరందరిలోకీ పెద్దది ఒక ముసలమ్మ ఉంది. అందరూ ఆవిడను అత్త అనే పిలుస్తారు. చలికాలం మొదలయినప్పటి నుంచి మంచం దిగలేదు కాబట్టి, వచ్చినవాళ్లంతా మనసులో ఆవిడే అనుకుని వచ్చారు. ఇంతలో కర్ర తాటించుకుంటూ, అందరికంటే వెనక, ఆవిడే వచ్చింది.

"ఎవులర్రా పోయినారు?" అంది.

కొందరు ఆవిడను చూసి గట్టిగా ఊపిరి వదిలారు. ఆవిడ ఒక్కొక్కరి ముఖమూ చూసి విషయం కనిపెట్టింది.

"నన్ను సూసి అలగ తెల్లబోయినారేటి? ఏం, నానే అనుకున్నారేటి?"

"అబ్బే, అది కాదత్తా," అన్నాడు బైబిలు పెద్దాయన, పుస్తకాన్ని ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకుంటూ.

అప్పుడు మా నాయకురాలు వచ్చింది. సందు మలుపు తిరగక ముందే గొంతు వచ్చింది. "ఏటి సేత్తన్నావు మావా? నాను సీర కుచ్చెళ్లయినా ఎట్టుకోనేదు, ఊరంతా దించీసినావు! బుర్రుందా నీకు?"

"బాబు కొట్టమన్నాడే."

"బాబుకి తెలీదు. నీకు తెలీదా? నువ్వూ పేపర్లో పన్సేసినావా?"

ఇంకో చిక్కు ఉంది. తుడుము విని వచ్చినవాళ్లను ఉత్త నోటితో పంపకూడదు. కొట్టిన ఇంటివాళ్లు అంబలి పోయాలి. ముసలమ్మ అప్పటికే అరుగు మీద సర్దుకుని కూర్చుంది. చోడిపిండి, అంటే రాగిపిండి, బయటకు వచ్చింది, పెద్ద తపేలా పొయ్యి ఎక్కింది. అంబలి కాగేలోపు ఊరికే కూర్చోవడం ఎందుకని మోరి తెచ్చారు, ఆటగత్తెలు వరుస కట్టారు. ఇక విడివిడిగా రికార్డు చేయడమన్న మాట ఎత్తడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఉన్నవాటితోనే సర్దుకున్నాను. నా ఫోను తుడుము దగ్గర, ఆటంతా వీడియోలో పడేలా నిలబెట్టి, నాయకురాలి ఫోను మోరి దగ్గర పెట్టాను. ఆటగత్తెల కాళ్ల అందెలు వినిపించేలా నేల మీద, గోనె సంచి చాటున ల్యాప్‌టాప్ మైకు. మిగిలింది ప్రెస్‌మీట్ల కోసం మా రిపోర్టర్లు వాడి నాకు వదిలేసిన చిన్న రికార్డరు. ఎందరో నాయకుల అబద్ధాలు మోసి అలిసిపోయిన వస్తువు. ఎక్కడా చోటు కుదరక దాన్ని ఆవిడ బొడ్లో దోపుకోమన్నాను. తర్వాత నాలుగూ ఒకే చోట కలవాలంటే మొదట్లో ఒక చప్పట్ల శబ్దం ఉండాలి, ఎవరైనా ఒక్క చప్పట కొట్టండన్నాను. ఊరంతా కొట్టింది. ఎవరో పెద్దమనిషి ఉపన్యాసం ముగించాడనుకున్నట్టు కొడుతూనే ఉంది. ఆవిడ కసిరితే ఆగింది.

ధింసా మొదలైంది. దాని గురించి నేను చెప్పబోను. కాగిన అంబలి అడుగంటేదాకా పొయ్యి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, అంతే.

ఇంటికి వచ్చి ట్రాకులు పరిచాను. తుడుము, మోరి, అడుగులు, ఆవిడ. నాలుగు పట్టీలకు నాలుగు రంగులు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. మీటలు జరుపుతూ కూర్చుంటే తలుపు కొట్టారు. ఆవిడ అన్న, చేతిలో ఆకుకూర కట్ట.

"నాది ఏది బాబూ?"

"ఈ పచ్చది."

"సన్నగుంది." కాసేపు చూశాడు. "కాత్త పైకి ఎత్తు. బావకి సెప్పకు."

మీట పైకి జరిపాను. మోరి చెవిలో గుచ్చుకుంది. ఆయన తృప్తిగా తలూపి వెళ్లిపోయాడు. వెంటనే మీట దించేశాను. మర్నాడు భర్త వచ్చాడు, కండువాలో సీతాఫలాలు మూట కట్టుకుని.

"మా బావొచ్చి ఎల్లినాడంట."

"వచ్చారు."

"ఆడిది దించమనను బాబూ, నాకెందుకూ. నాది ఎత్తు సాలు."

ఎత్తాను. తెర పక్కన ధ్వని కొలిచే గీత ఎర్రబడి, ల్యాప్‌టాప్ స్పీకరు గరగరలాడింది. ఆయనకది చాలా నచ్చింది. "ఎర్రగొచ్చిందంటే బాగా పలికినట్టా?" అన్నాడు. కాదని చెప్పి ఆయన ముఖం చూసే ఓపిక లేక ఔనన్నాను.

తర్వాత నాలుగో ట్రాకు విన్నాను. ఆ రికార్డరు బొడ్లో ఉందేమో, ఆవిడ ఊపిరి కూడా పడింది. ఆటంతా ఆవిడ అరుస్తూనే ఉంది. "ఒలే గుంటా, కాలు సూసుకో! ఓయ్, తిరుగు! అన్నా, నిద్దరోతన్నావేటి, ఊదు! మావా, బేగి! బేగంతే మరీ బేగి కాదు, ఇంటికెల్లాలా నీకు?" మధ్యలో అంబలి కలపమని ఎవరికో పురమాయింపు. మధ్యలో మేకను అదిలింపు.

చేతిలో ఎర్రకలం లేదు గానీ, చెయ్యి దానంతటదే కదిలింది. ఆ ట్రాకు పక్కనున్న బొత్తాం నొక్కాను. గొంతు టక్కున ఆగిపోయింది. మిగిలిన మూడూ నిర్మలంగా వినిపించాయి.

నా వెనక నిలబడి చూస్తున్న ఆవిడ భర్త వంగి ఆ బొత్తాన్ని పరీక్షగా చూశాడు.

"ఇది బయట దొరుకుద్దా బాబూ?" అన్నాడు.

శుక్రవారం సంతకు ల్యాప్‌టాప్ పట్టుకెళ్లాను. ఆవిడ అల్లం కుప్ప పక్కనే టీ బడ్డీ. బల్ల మీద పెట్టి వినిపించాను. భర్త, అన్న, నలుగురు ఆటగత్తెలు, బేరాలు మాని వచ్చినవాళ్లు చుట్టూ మూగారు. మోరి తేనెలా సాగింది. తుడుము దిట్టంగా పడింది. అందెలు గలగలలాడాయి. బావలిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకున్నారు, ఎవరికి వారు తనదే పైన ఉందనుకుంటూ.

ఆవిడ మాత్రం తల పక్కకు వంచి, ఏదో వెతుక్కుంటున్నట్టు వింది. "ఏటో తగ్గింది," అంది.

అప్పుడే వెనక నుంచి ఒక గొంతు. "సార్, అద్భుతం సార్!" రిసార్టు మేనేజరు. నాటుకోళ్ల కోసం సంతకు వచ్చాడు, రెండు చేతుల్లోనూ కోళ్లు తలకిందులుగా వేలాడుతున్నాయి. "ఇంత క్లీన్ ట్రాక్ ఎక్కడా దొరకలేదు సార్. మాకిచ్చేయండి. మా స్పీకర్లో ఇదే వేస్తాం."

"మరి వాయించినోల్లు?" అంది ఆవిడ.

"వాళ్లెందుకమ్మా, ఇందులో ఉన్నారు కదా," అన్నాడతను, కోడితో ల్యాప్‌టాప్ వైపు చూపిస్తూ.

భర్త వంగి తెర వెనక్కి చూశాడు. "నానిందులో ఉన్నానంట బావా," అన్నాడు అన్నతో.

"నానూ ఉన్నాను. ఇద్దరం ఉంటే ఇంక ఇంటికాడ ఎవులున్నట్టు?" అన్నాడు అన్న.

నేనేం చేశానో అప్పుడు నాకు తెలిసింది. వాయించేవాళ్లను వేదిక ఎక్కించమని పని అప్పగిస్తే, వాళ్లు అక్కర్లేకుండా చేసే సరుకు తయారుచేసి, పొగడ్తలు కూడా అందుకున్నాను.

"చూపించండి, ఆడండమ్మా," అన్నాడు మేనేజరు ఉత్సాహంగా. నేను మళ్లీ మొదటి నుంచి పెట్టాను. ఆటగత్తెలు నలుగురూ టీ బడ్డీ ముందే నడుములు పట్టుకుని అడుగు కలిపారు. కాసేపు బాగానే సాగింది. తర్వాత గొలుసు తిరగాల్సిన చోటు వచ్చింది. ఇద్దరు తిరిగారు, ఇద్దరు తిరగలేదు. చేతులు మెలిపడ్డాయి. చివరిది వెళ్లి అల్లం కుప్పలో కూర్చుంది.

"నువ్వెందుకు తిరగనేదే?"

"తిరగమని ఎవులూ సెప్పనేదు. అందుకే తిరగనేదు! నువ్వెందుకు తిరిగినావు?"

"పెద్దమ్మ అంతాదనుకున్నాను!"

నలుగురూ ఒక్కసారి ఆవిడ వైపు చూశారు. ఆవిడ నా వైపు చూసింది.

"బాబూ, నా గొంతేది?"

"తీసేశాను."

"ఎందుకు?"

"అడ్డంగా ఉందని." ఇన్నేళ్ల ఉద్యోగంలో ఏ రిపోర్టరూ నా ఎదురుగా నిలబడి ఈ ప్రశ్న అడగలేదు. అడిగి ఉంటే ఇంతకంటే మంచి జవాబు తయారుచేసుకునేవాణ్ణి.

"అడ్డమా! నాను అననిదే ఈ గుంటలు కాలెత్తరు. నాను తిట్టనిదే మా మావ సెయ్యెత్తడు. నా గొంతు మల్లీ ఎట్టీ. అంతా ఎట్టీ."

"ఆ అరుపులతో మేం వాడుకోలేం కదమ్మా," అన్నాడు మేనేజరు.

ఆవిడ అతని వైపు తిరిగింది. ఆ మాట ఆవిడ లోపలికి వెళ్లి, పని చేసుకుని, నవ్వుగా బయటకు రావడం అక్కడున్న అందరం చూశాం. "అయితే మరీ మంచిది. బాబూ, అందరికంతే నాదే పైకి ఎత్తు."

"మొత్తమా? ఆయన్ని తిట్టినవి కూడానా?"

"అదొద్దే," అన్నాడు భర్త.

"అదే ముందు ఎట్టు," అంది ఆవిడ.

ఇంటికి వెళ్లి నాలుగో ట్రాకు తెరిచాను. ఈసారి దాన్ని పైన పెట్టి, మిగతా మూడూ దాని చుట్టూ సర్దాను. వింతగా, పని సులువైపోయింది. ఆవిడ 'ఓయ్' అన్న తర్వాతే తుడుము నడక మారుతోంది. 'అన్నా' అన్న తర్వాతే మోరి పైకి లేస్తోంది. అంతకు ముందు బావల మధ్య ఎవరిది ఎంత ఎత్తాలో తేల్చలేక ఎన్నోసార్లు మీటలు జరిపాను. ఇప్పుడు ఇద్దరూ ఆవిడ కింద బుద్ధిగా ఇమిడిపోయారు, ఇంట్లో ఉన్నట్టే. మేకను అదిలించిన ముక్క ఒక్కటి కత్తిరించబోయి ఆగాను. మేక తర్వాత తుడుము ఎంత జోరందుకుందో విన్నాక, ఆయన ఆ అదిలింపు తనకే అనుకున్నాడని తెలిసింది. ఉంచేశాను.

వీడియో విశాఖకు పంపాం. ఆవిడ పట్టుబట్టి మేనేజరుకు కూడా ఒకటి పంపించింది. అతను పాపం ఒక సాయంత్రం దాన్నే వేశాడట. నెగడు చుట్టూ కూర్చున్న పర్యాటకులు ఆట చూడటం మాని, ఈ మావ ఎవరు, ఎందుకు అన్ని తిట్లు తింటున్నాడు, ఒకసారి చూపించండి అని అడిగారట. భర్త ఒక్కణ్ణీ పంపమని మేనేజరు కబురు పెట్టాడు. వస్తే అన్నతో సహా అందరం వస్తామని ఆవిడ తిరుగు కబురు పెట్టింది. ఆలోచిస్తానన్నాడు. ఇంకా ఆలోచిస్తున్నాడు.

విశాఖ నుంచి మాత్రం ఫోను వచ్చింది. బృందం ఎంపికైంది. ఫోను చేసిన మనిషి, "ఆ కేకలు వేసే ఆవిడ తప్పకుండా రావాలండీ, ఆవిడకు విడిగా మైకు పెడుతున్నాం," అన్నాడు. ఆ మాట చెబితే అన్న ఇటుకల బట్టీ ఊసు వదిలేసి, తనకు కూడా విడిగా మైకు ఉందా లేదా కనుక్కోమన్నాడు.

అందరం విశాఖ వెళ్లే కిరండోలు రైలెక్కాం. వద్దని అందరూ చెప్పినా ముసలమ్మ కూడా ఎక్కింది. టైడా స్టేషను దాటేదాకా సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు వేస్తుంటే, ఆవిడ మాత్రం చీకట్లో ఎవరో తన పొగాకు కొట్టేస్తారని సంచి గట్టిగా పట్టుకుని కూర్చుంది. తుడుము భర్త ఒళ్లో ఉంది, తోలు చల్లబడకుండా కండువా కప్పుకుని.

సభాస్థలిలో సౌండ్ మనిషి ఉన్నాడు. అతని ముందు నా సాఫ్ట్‌వేర్‌లోని మీటల్లాంటివే, నిజమైనవి, బల్ల నిండా ఉన్నాయి. ఆటకు ఇంకా సమయం ఉందని ఆటగత్తెలు కొందరు జడలు వేసుకోవడానికి వెళ్లారు, కొందరు ఎదురుగా సముద్రం చూడటానికి వెళ్లారు. సౌండ్ మనిషి ముందు ఆవిడను మైకులో ఏదైనా మాట్లాడమన్నాడు.

"ఏటి మాటాడాల?"

"ఏదైనా అమ్మా."

"ఆ తీగెలు దారికడ్డంగా ఏసినావేటి? గుంటలు పడితే ఎవులు లేపుతారు? తియ్యి!"

"ఓకే, లెవెల్ బాగుంది," అన్నాడతను. మీట దించి, లేచి వెళ్లి తీగలు తీశాడు కూడా. "ఇప్పుడు తుడుము ఒక్కటీ ఇవ్వండి."

ఆమె భర్త నా వైపు చూశాడు. నేను ఆవిడ వైపు చూశాను.

"ఒక్కటే కొట్టకూడదండీ," అన్నాను సౌండ్ మనిషితో.

"సార్, ఒక్కోటీ విడిగా వింటేనే కదా మిక్సింగ్ వచ్చేది," అన్నాడతను. ఆ వాక్యం నాకు బాగా పరిచయమే.

"ఇది ఇసాపట్నం. ఇక్కడ ఎవులికి తెలుసుద్ది? కొట్టు మావా," అంది ఆవిడ.

కొట్టాడు. అంత పెద్ద స్పీకర్లలోంచి తుడుము బయటకు వెళ్లింది. ముందు గ్రీన్‌రూములోంచి సగం జడలతో ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. తర్వాత సముద్రం వైపు నుంచి, మోకాళ్ల దాకా తడిసిన చీరలతో, చెప్పులు చేత్తో పట్టుకుని మిగతావాళ్లు. వాళ్ల వెనక, ఎక్కడో మూత్రశాల వెతుక్కుంటూ పోయిన అన్న. అందరికంటే చివర కర్ర తాటించుకుంటూ ముసలమ్మ.

"ఎవులు?" అంది.

"ఎవులూ నేరు అత్తా. సౌండు సూత్తన్నారు," అన్నాడు తుడుము మనిషి, పుల్లలు వెనక దాచుకుంటూ.

ముసలమ్మ చుట్టూ చూసింది. వేదిక చూసింది, స్పీకర్లు చూసింది, బల్ల వెనక కూర్చుని మమ్మల్నందర్నీ బిత్తరపోయి చూస్తున్న సౌండ్ మనిషిని చూసింది. కొట్టించింది ఇతనేనని ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ముందు వరుసలో అతిథుల కోసం వేసిన సోఫాలో సర్దుకుని కూర్చుంది. మిగతావాళ్లూ ఆవిడ పక్కన వరుసగా కూర్చున్నారు.

"మరి అంబలేదీ?"

సౌండ్ మనిషి నా వైపు చూశాడు. తుడుము విని వచ్చినవాళ్లను ఉత్త నోటితో పంపకూడదని, కొట్టించినవాళ్లే పోయాలని వివరించాను. అతను ఒకసారి తన మీటల వంక, ఒకసారి వరుసగా కూర్చున్న ఊరి వంక చూసి, హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు.

"టీ అయితే సరిపోతుందా అమ్మా?"

"సిన్న కప్పయితే వద్దు," అంది ముసలమ్మ.